తొలగింపులో వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్‌లో అవసరం తీరిన ప్రోగ్రాములను సురక్షితంగా తొలగించే పద్ధతిని తెలియజేయడం, ప్రోగ్రాముకు చెందిన ఫైళ్ళకూ వినియోగదారునికి చెందిన అమరికలకూ గల భేదాన్ని గుర్తింపజేయడం, సాంకేతిక విషయాలను తెలుగులో చదివి, సొంతమాటల్లో వ్రాయగల నేర్పును పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశాలు.

ప్రక్రియా పరిచయం

ఒక విషయాన్ని క్రమపద్ధతిలో, కారణాలు చూపుతూ వివరించే గద్యరచనను వ్యాసం అంటారు. వ్యాసాలలో సాహిత్య, సాంఘిక, చారిత్రక, వైజ్ఞానిక భేదాలు ఉన్నాయి. ప్రస్తుత పాఠం వైజ్ఞానిక వ్యాసం. ఇటువంటి వ్యాసంలో పారిభాషిక పదాలు తప్పవు. వాడుకలో స్థిరపడిన ఆంగ్ల పదాలను ఇందులో తెలుగు లిపిలో యథాతథంగా స్వీకరించడం జరిగింది.

పాఠ్యభాగం

భోగి పండుగనాడు ఇంట్లోని పాత సామానును వాకిట్లోకి తెచ్చి మంటలో వేయడం తెలుగునాట తరతరాలుగా వస్తున్న ఆచారం. విరిగిన కుర్చీ, చిరిగిన చాప, పుచ్చిన చెక్క నిస్సంకోచంగా మంటకు ఆహుతి అవుతాయి. కాని మూలనున్న పాత కొయ్యపెట్టె వంతు వచ్చేసరికి ఇంటి పెద్దలు చేయి అడ్డం పెట్టి, ఒకసారి తెరచి చూడమంటారు. పెట్టె పనికిరానిదే కావచ్చు. అందులో పొలం దస్తావేజో, తాతగారి చేతివ్రాత పుస్తకమో ఉండవచ్చు. పెట్టెను వడ్రంగి మళ్ళీ చేసి ఇవ్వగలడు. అందులోని కాగితాన్ని ఎవరూ మళ్ళీ చేసి ఇవ్వలేరు.

కంప్యూటర్‌లో అనవసరమైన ప్రోగ్రాములను తొలగించే పనికి కూడా ఈ నియమమే వర్తిస్తుంది. ప్రోగ్రాము ఆ పెట్టె వంటిది. దానిని తయారుచేసినవారి వద్ద నుండి మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ ప్రోగ్రాములో మనం చేసుకున్న అమరికలు, చేర్చుకున్న పదాలు, గుర్తుపెట్టుకున్న చిరునామాలు పెట్టెలోని కాగితం వంటివి. వాటికి మన వద్ద ఉన్నదే ఏకైక ప్రతి. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలగడమే తొలగింపులో వివేకం.

చోటు ఎక్కడ పోతున్నది?

హార్డ్ డిస్కు ఎంత విశాలమైనదైనా కాలక్రమంలో ఖాళీ తగ్గిపోతుంది. విండోస్ వ్యవస్థలో ఒక డ్రైవులో ఖాళీ బాగా తగ్గినప్పుడు దాని కింద కనిపించే నీలిరంగు పట్టీ ఎర్రగా మారుతుంది. కొత్త నవీకరణలు స్థాపితం కావు. ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్ళను వ్రాసుకోవడానికి చోటు లేక తడబడతాయి. అటువంటి సమయంలో కొందరు ఆతురతతో, పేరు తెలియని ఫోల్డరు కనిపిస్తే చాలు, చెరిపివేయ బూనుతారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగులబెట్టుకోవడం అంటే ఇదే.

చెరపడానికి ముందు కొలవాలి. విండోస్ 10, 11 రూపాలలో 'సెట్టింగ్స్' తెరచి, 'సిస్టమ్', అందులో 'స్టోరేజ్' అనే విభాగాన్ని చూస్తే ఏ రకం ఫైళ్ళు ఎంత చోటు ఆక్రమించాయో తెలుస్తుంది. చాలా కంప్యూటర్లలో పెద్ద చోటు వీడియోలకు, ఆటలకు, 'డౌన్‌లోడ్స్' ఫోల్డరులో మరచిపోయిన స్థాపక ఫైళ్ళకు పోతుంది. ఒక సినిమా ఒక గిగాబైటును మించవచ్చు. ఒక చిన్న ప్రోగ్రాము కొన్ని పదుల మెగాబైట్లతో సరిపెట్టుకోవచ్చు. 1,024 మెగాబైట్లు ఒక గిగాబైటు. కాబట్టి పది చిన్న ప్రోగ్రాములను తొలగించినా రాని ఖాళీ, చూసేసిన ఒక్క సినిమాను తొలగిస్తే రావచ్చు.

ఇక మన సొంత అమరికలు ఎంత చోటు తీసుకుంటాయో లెక్క వేద్దాం. లిబ్రెఆఫీస్ అనే కార్యాలయ ప్రోగ్రాములో తెలుగు వ్రాసే విద్యార్థి, అక్షరదోష పరిశీలన కోసం తన ఊరి పేరు, బంధువుల ఇంటిపేర్లు, మాండలిక పదాలు ఒక్కొక్కటిగా సొంత పదకోశంలో చేర్చుకుంటూ వచ్చాడనుకుందాం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. పదానికి 10 సంకేతాల చొప్పున లెక్కించినా, వెయ్యి పదాలకు 30,000 బైట్లు, అంటే సుమారు 30 కిలోబైట్లు మాత్రమే అవుతుంది. ఒక మామూలు ఛాయాచిత్రంలో అది నూరవ వంతు కూడా ఉండకపోవచ్చు. దీనిని చెరపడం వలన కలిగే లాభం శూన్యం. నష్టం మాత్రం కొన్ని సంవత్సరాల శ్రమ. తిరిగి రానిదే మిక్కిలి చిన్నది. విద్యార్థులు ఈ పాఠంలో ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సత్యం ఇది.

ఒక ప్రోగ్రాముకు నాలుగు నివాసాలు

విండోస్‌లో ఒక ప్రోగ్రామును స్థాపించినప్పుడు దాని భాగాలన్నీ ఒకేచోట చేరవు. అవి సామాన్యంగా నాలుగు చోట్ల నివసిస్తాయి.

మొదటి నివాసం 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఫోల్డరు. ప్రోగ్రామును నడిపే ఫైళ్ళు ఇక్కడ ఉంటాయి. 64-బిట్ విండోస్‌లో, 32-బిట్ ప్రోగ్రాముల కోసం 'ఎక్స్86' అనే గుర్తుతో ఇటువంటిదే మరొక ఫోల్డరు ఉంటుంది. ఇక్కడి ఫైళ్ళన్నీ తయారీదారు ఇచ్చినవే. ఇవి పోయినా మళ్ళీ లభిస్తాయి.

రెండవ నివాసం 'ప్రోగ్రామ్‌డేటా'. ఆ కంప్యూటర్‌ను ఉపయోగించే వారందరికీ ఉమ్మడిగా వర్తించే సమాచారం ఇందులో ఉంటుంది.

మూడవ నివాసం 'యాప్‌డేటా'. ఇది ప్రతి వినియోగదారునికీ విడివిడిగా ఉంటుంది. ఈ పేరు 2007లో విడుదలైన విండోస్ విస్టాతో వచ్చింది. అంతకు ముందు విండోస్ ఎక్స్‌పీలో ఈ పనిని 'అప్లికేషన్ డేటా' అనే ఫోల్డరు నిర్వహించేది. యాప్‌డేటాలో 'రోమింగ్', 'లోకల్', 'లోకల్‌లో' అని మూడు ఉపవిభాగాలు ఉన్నాయి. ఒక సంస్థలోని కంప్యూటర్ల వలయంలో వినియోగదారుడు ఏ యంత్రం ముందు కూర్చున్నా అతని వెంట రాదగిన అమరికల కోసం రోమింగ్ ఏర్పడింది. ఆ ఒక్క యంత్రానికే పరిమితమైన సమాచారం, తాత్కాలిక నిల్వలు లోకల్‌లో ఉంటాయి. తక్కువ అధికారాలతో నడిచే ప్రోగ్రాముల కోసం మూడవది ఉద్దేశించబడింది.

నాలుగవ నివాసం రిజిస్ట్రీ. ఇది ఫోల్డరు కాదు. వ్యవస్థ నిర్వహించే ఒక పెద్ద చిట్టా. పూర్వం ప్రతి ప్రోగ్రామూ తన అమరికలను 'ఐఎన్‌ఐ' అనే చిన్న పాఠ్యఫైళ్ళలో వ్రాసుకొనేది. 1995లో వచ్చిన విండోస్ 95 నుండి రిజిస్ట్రీయే ప్రధాన స్థానమైంది. ఇందులో యంత్రమంతటికీ వర్తించే భాగం వేరు, వినియోగదారునికి వర్తించే భాగం వేరు.

ఈ నాలుగింటిలో ప్రోగ్రామ్‌డేటా, యాప్‌డేటా ఫోల్డర్లు సాధారణంగా కంటికి కనిపించవు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ' అనే పట్టికలో 'హిడెన్ ఐటమ్స్' అనేదానిని ఎంచుకుంటే కనిపిస్తాయి. కనిపించని వస్తువును దాచిపెట్టుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చాలామంది 'డాక్యుమెంట్స్' ఫోల్డరును మాత్రం పెన్‌డ్రైవులోకి నకలు తీసుకొని, అంతా భద్రమైందని భావించి, ఆ తరువాత డిస్కును పూర్తిగా చెరిపి విండోస్‌ను కొత్తగా స్థాపిస్తారు. అప్పుడు వ్యాసాలు మిగులుతాయి గాని, ఏళ్ళ తరబడి కూర్చుకున్న పదకోశం మిగలదు.

అమరికల స్వరూపం

అమరిక అంటే అక్షరాల పరిమాణం, తెర రంగు మాత్రమే కాదు. వాడుకలో ఉన్న రెండు ప్రోగ్రాములను ఉదాహరణగా తీసుకుందాం.

ఫైర్‌ఫాక్స్ అనే అంతర్జాల విహరిణి, వినియోగదారుని సమాచారమంతటినీ 'ప్రొఫైల్' అనే ఒక ఫోల్డరులో భద్రపరుస్తుంది. అది రోమింగ్ విభాగంలో ఉంటుంది. మనం గుర్తుపెట్టుకున్న పుటల చిరునామాలు, చూసిన పుటల చరిత్ర అందులో 'ప్లేసెస్' అనే ఒకే ఫైలులో ఉంటాయి. సంకేతపదాల విషయం మరింత ఆసక్తికరం. అవి గూఢలిపిలో 'లాగిన్స్' అనే ఫైలులో ఉంటాయి. ఆ గూఢలిపిని విప్పే కీలకం 'కీ4' అనే మరొక ఫైలులో ఉంటుంది. ఒకటి పెట్టె, రెండవది తాళంచెవి. రెండింటిలో ఏ ఒక్కటి పోయినా మిగిలినది నిరుపయోగం. కాబట్టి ప్రొఫైల్‌ను దాచుకోదలచినవారు, ముందుగా ఫైర్‌ఫాక్స్‌ను మూసివేసి, ఫోల్డరును మొత్తంగా నకలు తీసుకోవాలి గాని, తెలిసిన ఫైళ్ళను ఏరుకోరాదు. ఇదే ప్రోగ్రాము వేగం కోసం దాచుకొనే తాత్కాలిక నిల్వ మాత్రం లోకల్ విభాగంలో వేరుగా ఉంటుంది. అది పోయినా దానంతట అదే మళ్ళీ ఏర్పడుతుంది.

పైన పేర్కొన్న లిబ్రెఆఫీస్ కూడా తన వినియోగదారుని అమరికలను రోమింగ్ విభాగంలోనే, 'యూజర్' అనే ఫోల్డరులో ఉంచుతుంది. సొంత పదకోశాలు అందులోని 'వర్డ్‌బుక్' అనే ఉపఫోల్డరులో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మనం చేర్చిన పదాలు 'కస్టమ్' అనే పదకోశ ఫైలులో నిలుస్తాయి. అదీ రోమింగ్ విభాగంలోనిదే.

అమరికలు ప్రోగ్రాముకు దూరంగా ఉండడం వలన ఒక మేలు ఉంది. ప్రోగ్రామును తొలగించి మళ్ళీ స్థాపించినప్పుడు, అది తన పాత అమరికలను వెదకి పట్టుకొంటుంది. ఒక చిక్కు కూడా ఉంది. అమరికల ఫైలే చెడిపోయి ప్రోగ్రాము మొరాయిస్తుంటే, ఎన్నిసార్లు తొలగించి స్థాపించినా తప్పు తప్పుగానే మిగిలిపోతుంది. రోగం ఒకచోట ఉండగా మందు మరొకచోట పూసినట్లవుతుంది.

అయితే అన్ని ప్రోగ్రాములూ అమరికలను వదిలి వెళ్ళవు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుండి స్థాపించిన యాప్‌ల సమాచారం సామాన్యంగా లోకల్ విభాగంలో 'ప్యాకేజెస్' అనే ఫోల్డరులో ఉంటుంది. ఆ యాప్‌ను తొలగిస్తే ఆ సమాచారమూ దానితోపాటే పోతుంది. కొన్ని ప్రోగ్రాములు తొలగే సమయంలో మనల్ని అడుగుతాయి. వీఎల్‌సీ అనే దృశ్యశ్రవణ ప్రోగ్రామును తొలగించేటప్పుడు, ఇష్టాలను కూడా చెరపమంటారా అన్న గడి కనిపిస్తుంది. చదవకుండా 'నెక్స్ట్' నొక్కుతూ పోయేవారికి ఆ ప్రశ్న వచ్చిన సంగతే తెలియదు.

సురక్షితమైన తొలగింపు క్రమం

పై విషయాలను బట్టి ఈ క్రింది క్రమాన్ని పాటించడం శ్రేయస్కరం.

1. గుర్తించడం: తొలగించదలచిన ప్రోగ్రాము ఏమిటో, ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలి. పేరు అపరిచితమైనంత మాత్రాన అనవసరమైనది కాదు. 'విజువల్ సీ ప్లస్ ప్లస్' పేరుతో జాబితాలో కనిపించేవి ఇతర ప్రోగ్రాములు నడవడానికి ఆధారమైన ఉమ్మడి భాగాలు. తెలియనిదానిని తెలిసేవరకు ముట్టుకోరాదు.

2. నకలు తీయడం: ఆ ప్రోగ్రామును మూసివేసి, యాప్‌డేటాలో దాని పేరుతోనో, తయారీదారు పేరుతోనో ఉన్న ఫోల్డరును పెన్‌డ్రైవులోకి గాని, మరొక డిస్కులోకి గాని నకలు తీసుకోవాలి. ప్రోగ్రాములోనే 'ఎక్స్‌పోర్ట్' సౌకర్యం ఉంటే దానినీ ఉపయోగించుకోవాలి. అదే డిస్కులో మరోచోట ఉంచిన నకలు, ఆ డిస్కు చెడిపోతే తోడుండదు.

3. పరీక్షించడం: తీసుకున్న నకలు తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. వీలైతే మరొక కంప్యూటర్‌లో చూడాలి. పరీక్షించని నకలు ఉన్నదన్న ధైర్యాన్ని మాత్రమే ఇస్తుంది.

4. తొలగించడం: 'సెట్టింగ్స్'లోని 'యాప్స్' జాబితా నుండి గాని, కంట్రోల్ ప్యానెల్‌లోని 'ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్' నుండి గాని తొలగించాలి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డరును నేరుగా చెరపరాదు. అలా చేస్తే ఫైళ్ళు పోతాయి గాని, రిజిస్ట్రీలో వాటి నమోదులు మిగిలిపోతాయి. తొలగింపు ప్రోగ్రాము కూడా ఆ ఫోల్డరులోనే ఉండి ఉంటే, సక్రమంగా తొలగించే మార్గమే మూసుకుపోతుంది. తొలగింపు సమయంలో వచ్చే ప్రతి ప్రశ్నను చదివి సమాధానం ఇవ్వాలి.

5. వేచి ఉండడం: తొలగింపు తరువాత యాప్‌డేటాలో మిగిలిన ఫోల్డరును వెంటనే చెరపకుండా, దాని పేరు చివర 'పాత' అని చేర్చి కొన్ని వారాలు ఉంచాలి. ఏ ప్రోగ్రామూ దాని కోసం వెదకకపోతే, ఏ లోటూ తోచకపోతే, అప్పుడు చెరపవచ్చు. పేరు మార్చడం తిరిగి సరిదిద్దుకోగల పని. చెరపడం అటువంటిది కాదు.

6. చెత్తబుట్టను నమ్మకపోవడం: విండోస్ 95 నుండి ఉన్న 'రీసైకిల్ బిన్' చెరిపిన ఫైళ్ళను కొంతకాలం దాచి ఉంచుతుంది. కాని షిఫ్ట్ మీట నొక్కి పట్టుకొని చెరిపినవి అందులోకి రావు. పెన్‌డ్రైవు నుండి చెరిపినవి కూడా సామాన్యంగా రావు.

ఇవి గాక, విండోస్ ఫోల్డరులో 'ఇన్‌స్టాలర్', 'విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్' అనే రెండు పెద్ద ఫోల్డర్లు ఉంటాయి. పరిమాణం చూసి కొందరు వాటిని చెరపాలనుకుంటారు. మొదటిది ప్రోగ్రాములను బాగుచేయడానికి, తొలగించడానికి వ్యవస్థకు అవసరం. రెండవది వ్యవస్థ నవీకరణలకు ఆధారం. ఈ రెండింటినీ చేతితో తాకరాదు. తాత్కాలిక ఫైళ్ళను తొలగించడానికి 'స్టోరేజ్' విభాగంలోనే 'టెంపరరీ ఫైల్స్' అనే సౌకర్యం ఉంది. అందులో 'డౌన్‌లోడ్స్' అన్న పేరు కనిపిస్తే, ఆ గడిలో గుర్తు ఉన్నదేమో చూసుకొని మరీ ముందుకు సాగాలి.

2018 నాటి అనుభవం

ఈ జాగ్రత్తలు కేవలం అనుభవం లేనివారికే అవసరమని భావించరాదు. విండోస్‌ను నిర్మించిన మైక్రోసాఫ్ట్ సంస్థకే 2018లో ఈ విషయంలో చేదు అనుభవం ఎదురైంది.

'డాక్యుమెంట్స్', 'పిక్చర్స్' వంటి ఫోల్డర్లను మొదటి డ్రైవు నుండి మరొక డ్రైవుకు మళ్ళించుకొనే అవకాశం విండోస్‌లో ఉంది. అలా మళ్ళించుకున్న కొందరు, 2018 ఏప్రిల్ నవీకరణ తరువాత, అవే పేర్లతో ఖాళీ ఫోల్డర్లు అదనంగా కనిపిస్తున్నాయని తెలియజేశారు. వారి కోరిక సమంజసమే. ఆ ఖాళీ నకళ్ళను తొలగించే ఏర్పాటును సంస్థ తరువాతి నవీకరణలో చేర్చింది. 2018 అక్టోబర్ 2న అది విడుదలైంది. అయితే కొందరి కంప్యూటర్లలో ఫోల్డరు మళ్ళింపు జరిగినా, పాత ఫైళ్ళు పాతచోటనే మిగిలి ఉన్నాయి. నవీకరణ ఆ పాత ఫోల్డర్లను, వాటిలోని ఫైళ్ళతో సహా చెరిపివేసింది. ఛాయాచిత్రాలు, పత్రాలు పోగొట్టుకున్నవారి నుండి ఫిర్యాదులు రాగా, కొద్దిరోజులలోనే సంస్థ ఆ నవీకరణను నిలిపివేసింది. లోపాన్ని సరిదిద్ది నవంబర్ 13న మళ్ళీ విడుదల చేసింది. నష్టపోయినవారి నిష్పత్తి పదివేలలో ఒకటి అని సంస్థ ప్రకటించింది. నిష్పత్తిగా అది స్వల్పమే. ఫైళ్ళు పోయిన వ్యక్తికి మాత్రం ఆ నష్టం సంపూర్ణం.

ఇందులోని నీతి స్పష్టం. ఖాళీ అనుకున్న ఫోల్డరు నిజంగా ఖాళీయేనా అని తెరచి చూడకుండా చెరపడమే ఆ నష్టానికి మూలం. నకలు తీసి వేరే డిస్కులో ఉంచుకున్నవారికి ఆ సంఘటన ఒక వార్త మాత్రమే. ఉంచుకోనివారు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవలసి వచ్చింది.

ఇతర వ్యవస్థలలో, చరవాణిలో

లినక్స్ వర్గానికి చెందిన డెబియన్, ఉబుంటు వ్యవస్థలు ఈ భేదాన్ని ఆదేశాలలోనే చూపుతాయి. 'రిమూవ్' అనే ఆదేశం ప్రోగ్రామును తొలగించి, వ్యవస్థ స్థాయి అమరిక ఫైళ్ళను ఉంచుతుంది. 'పర్జ్' అనే ఆదేశం వాటిని కూడా తొలగిస్తుంది. వినియోగదారుని సొంత ఫోల్డరులోని అమరికల జోలికి ఈ రెండూ పోవు. అక్కడ పేరుకు ముందు చుక్క గల ఫోల్డర్లు కంటికి కనిపించవు. వాటిలో 'కాన్ఫిగ్' అనేది దాచుకోదగినది. 'క్యాష్' అనేది చెరపదగినది. యాపిల్ వారి మ్యాక్‌లో ప్రోగ్రామును చెత్తబుట్టలోకి జార్చినా, 'లైబ్రరీ' ఫోల్డరులో దాని అమరికలు సాధారణంగా మిగిలి ఉంటాయి.

విద్యార్థులకు నిత్యం చేతిలో ఉండేది చరవాణి. ఆండ్రాయిడ్ చరవాణిలో ప్రతి యాప్‌కూ 'క్లియర్ క్యాష్' అని, 'క్లియర్ డేటా' లేక 'క్లియర్ స్టోరేజ్' అని రెండు మీటలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది తాత్కాలిక నిల్వను మాత్రమే చెరుపుతుంది. రెండవది ఆ యాప్‌ను తొలిరోజు స్థితికి తెస్తుంది. అందులోని ప్రవేశ వివరాలు, అమరికలు, వేరొకచోట భద్రం కాని వ్రాతలు అన్నీ పోతాయి. యాప్‌ను పూర్తిగా తొలగించినా ఫలితం ఇంచుమించు ఇంతే. ఐఫోన్‌లో 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుండి, యాప్‌ను తొలగించి దాని సమాచారాన్ని ఉంచే 'ఆఫ్‌లోడ్' అనే సౌకర్యం ఉంది. 2023 నుండి ఆండ్రాయిడ్‌లోనూ 'ఆర్కైవ్' పేరుతో ఇటువంటి ఏర్పాటు వచ్చింది. పెట్టెను పంపివేసి కాగితాన్ని దాచడమనే వివేకాన్ని యంత్ర నిర్మాతలే గుర్తించారనడానికి ఇవి నిదర్శనాలు.

శుద్ధి చేస్తామనే ప్రోగ్రాములు

ఒక్క మీట నొక్కితే చాలు, కంప్యూటర్‌ను శుద్ధిచేసి వేగాన్ని పెంచుతామని చెప్పే ప్రోగ్రాములు అనేకం ఉన్నాయి. రిజిస్ట్రీలో మిగిలిపోయిన నమోదులు చాలా చిన్నవి. వాటిని ఏరివేయడం వలన చెప్పుకోదగిన వేగం గాని, చోటు గాని లభించదు. ఒక అవసరమైన నమోదు పోతే మాత్రం ప్రోగ్రాములు, ఒక్కొక్కప్పుడు వ్యవస్థయే, పనిచేయడం మానవచ్చు. రిజిస్ట్రీ శుద్ధి ప్రోగ్రాముల వాడకాన్ని తాము సమర్థించడం లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టం చేసింది.

విశ్వసనీయత విషయంలో కూడా సావధానత అవసరం. ప్రపంచమంతటా విస్తృతంగా వాడుకలో ఉన్న సీక్లీనర్ అనే శుద్ధి ప్రోగ్రాములోకి 2017లో దుండగులు హానికర సంకేతాన్ని చొప్పించారు. 2017 ఆగస్టులో విడుదలైన ఆ రూపం సుమారు 22.7 లక్షల మంది కంప్యూటర్లలోకి చేరింది. సెప్టెంబర్‌లో ఈ విషయం బయటపడింది. చీపురుతోపాటే చెత్త ఇంట్లో ప్రవేశించడం వంటిది ఇది. అందువల్ల వ్యవస్థలో ఉన్న సాధనాలతో పని జరుగుతున్నప్పుడు, బయటివాటిని ఆశ్రయించనవసరం లేదు.

ముగింపు

ఒక ఫైలును చెరపబోయే ముందు దానిని గురించి మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది తయారీదారు ఇచ్చినదా, నేను చేర్చుకున్నదా? పోతే మళ్ళీ దొరుకుతుందా? దీని నకలు మరొకచోట ఉన్నదా? తయారీదారు ఇచ్చినదై, మళ్ళీ దొరికేదైతే సంకోచించకుండా తొలగించవచ్చు. మనం చేర్చుకున్నదై, నకలు లేనిదైతే, అది ఎంత చిన్నదైనా ఆగవలసినదే. ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి కంప్యూటర్ నైపుణ్యం కంటె, తన శ్రమ విలువ తాను ఎరిగి ఉండడం ఎక్కువ అవసరం. కొనుక్కున్న వస్తువు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. కూర్చుకున్నది పోతే మళ్ళీ కూర్చుకోవడానికి కావలసినది కాలం. దానిని ఏ సంస్థా తిరిగి ఇవ్వలేదు.

కఠిన పదాలకు అర్థాలు

అమరిక = వినియోగదారుడు తనకు అనుకూలంగా చేసుకున్న ఏర్పాటు
ఆతురత = తొందర
ఆహుతి = అగ్నిలో సమర్పించినది
గూఢలిపి = ఇతరులకు అర్థం కాకుండా మార్చిన వ్రాత
చరవాణి = సెల్‌ఫోన్
దస్తావేజు = హక్కును తెలిపే పత్రం
నవీకరణ = కొత్త మార్పులతో సరిదిద్దడం
నిదర్శనం = ఉదాహరణ, ఋజువు
విహరిణి = అంతర్జాలంలో పుటలను చూపే ప్రోగ్రాము, బ్రౌజర్
శ్రేయస్కరం = మేలు కలిగించేది
సమంజసం = న్యాయమైనది, తగినది
సావధానత = మెలకువ, జాగ్రత్త

అభ్యాసాలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.

1. విండోస్‌లో ఒక ప్రోగ్రాముకు గల నాలుగు నివాసాలను వివరించి, వాటిలో వినియోగదారునికి ముఖ్యమైనది ఏదో కారణాలతో తెలపండి.
2. ప్రోగ్రామును సురక్షితంగా తొలగించడానికి పాటించవలసిన క్రమాన్ని పాఠం ఆధారంగా వ్రాయండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.

1. "తిరిగి రానిదే మిక్కిలి చిన్నది" అన్న వాక్యాన్ని రచయిత ఏ లెక్కతో నిరూపించాడు?
2. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్‌ను మొత్తంగా ఎందుకు నకలు తీసుకోవాలి?
3. 2018 నాటి నవీకరణలో ఫైళ్ళు పోవడానికి కారణం ఏమిటి?
4. చరవాణిలో 'క్లియర్ క్యాష్', 'క్లియర్ డేటా' మీటల భేదాన్ని తెలపండి.

III. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు సంకేతానికి ఎన్ని బైట్లు కావాలి?
2. 'యాప్‌డేటా' అనే పేరు విండోస్‌లో ఏ రూపంతో వచ్చింది?
3. ఉబుంటులో అమరికలను కూడా తొలగించే ఆదేశం ఏది?
4. షిఫ్ట్ మీట నొక్కి పట్టుకొని చెరిపిన ఫైలు ఏ చోటికి రాదు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.

1. అందులోని కాగితాన్ని ఎవరూ మళ్ళీ చేసి ఇవ్వలేరు.
2. ఒకటి పెట్టె, రెండవది తాళంచెవి.
3. ఫైళ్ళు పోయిన వ్యక్తికి మాత్రం ఆ నష్టం సంపూర్ణం.

V. భాషాంశాలు

అ) సంధులు విడదీసి, సంధి పేరు తెలపండి: ఏకైక, నిస్సంకోచం, సావధానత, అంతర్జాలం.

ఆ) విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి: నాలుగు నివాసాలు, పాత సామాను, తాళంచెవి, కొయ్యపెట్టె.

ఇ) ఈ జాతీయాలను, సామెతలను సొంతవాక్యాలలో ప్రయోగించండి: చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం, ఎలుక మీద కోపంతో ఇల్లు తగులబెట్టుకోవడం, జోలికి పోకపోవడం.

VI. ప్రాజెక్టు పని

మీ కళాశాలలో గాని, ఇంట్లో గాని ఉన్న కంప్యూటర్‌లో స్థాపితమైన పది ప్రోగ్రాముల పేర్లు సేకరించండి. ఒక్కొక్కదానిలో తయారీదారు ఇచ్చినది ఏమిటో, వినియోగదారుడు చేర్చుకున్నది ఏమిటో పట్టికగా వ్రాయండి. ఏ ఫైలునూ చెరపకుండా, నకలు తీసి ఉంచవలసినవి ఏవో అధ్యాపకుల సహాయంతో నిర్ణయించి నివేదిక సమర్పించండి.